షేల్ నుంచి వనాడియం: సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్‌లో వచ్చే తంటాలు

చైనాలో హుబే, హునాన్ వైపు దొరికే నల్ల షేల్‌ను అక్కడివాళ్లు రాతిబొగ్గు అంటారు. మన రాక్షసి బొగ్గు వేరు, ఇది వేరు. ఇందులో వనాడియం ఎక్కువగా అభ్రకం లాంటి ఖనిజంలో, అల్యూమినియం ఉండాల్సిన చోట ఇరుక్కుని ఉంటుంది. అందుకే ఘాటైన సల్ఫ్యూరిక్ ఆమ్లం పట్టించాలి. ఆ ఆమ్లం ఇనుమునీ, సిలికానీ కూడా లాక్కొస్తుంది. ఆ ద్రావణాన్ని ఆర్గానిక్‌తో, అంటే లోహాన్ని పట్టే ఎక్స్‌ట్రాక్టెంట్ కలిపిన కిరోసిన్‌తో, కలియబెట్టి వనాడియాన్ని అందులోకి ఎక్కించడమే సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్. తర్వాత ఆ రెండూ పొరలుగా విడిపోయే తొట్టే సెట్లర్. అందులో కనిపించే గొడవల్లో చాలావాటికి మూలం ఆమ్లం లాక్కొచ్చిన ఆ ఇనుము, సిలికాలే.

వనాడియం సరిగా ఎక్కడం లేదు, ఆర్గానిక్‌లో ఇనుము పేరుకుపోతోంది

కారణం: ఫెర్రిక్ (మూడో వేలెన్సీ) ఇనుము. ఇక్కడ వాడే ఎక్స్‌ట్రాక్టెంట్ డీ2ఈహెచ్‌పీఏ దాన్ని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ఫెర్రస్ (రెండో వేలెన్సీ) రూపంలో ఉంటే పెద్దగా పట్టించుకోదు.

పరిష్కారం: ఎక్స్‌ట్రాక్షన్‌కు ముందే ఇనుప రజనుతోనో సోడియం సల్ఫైట్‌తోనో క్షయకరణం చేయండి. వనాడియం కూడా నాలుగో వేలెన్సీకి దిగి ద్రావణం నీలంగా మారుతుంది. రంగు చూసి మాత్రం నమ్మేయొద్దు. తెల్ల పింగాణీ పలక మీద ఒక చుక్క ద్రావణం, దాని పక్కన ఒక చుక్క పొటాషియం థయోసయనేట్ వేసి కలపండి. నెత్తురులా ఎర్రబడితే ఫెర్రిక్ ఇంకా మిగిలే ఉంది. ఇప్పటికే ఎక్కిన ఇనుము మామూలు స్ట్రిప్పింగ్ (ఆర్గానిక్ నుంచి లోహాన్ని దింపే) ఆమ్లానికి లొంగదు, ఆక్సాలిక్ ఆమ్లంతో కడగాల్సిందే.

మొదటి దశ బాగుంది, తర్వాతివి డీలా పడ్డాయి

లోహం ఎక్కిన కొద్దీ ఎక్స్‌ట్రాక్టెంట్ ఆమ్లాన్ని వదులుతుంది, పీహెచ్ పడిపోతుంది. దశల మధ్య మళ్లీ 2 దగ్గరికి తెచ్చుకోండి. తొందరపడి క్షారం గుమ్మరిస్తే ఇనుము, అల్యూమినియం హైడ్రాక్సైడ్లుగా విరిగి కొత్త తలనొప్పి మొదలవుతుంది.

రెండు పొరలకు బదులు మూడు కనిపిస్తున్నాయి

లోహంతో కూడిన సమ్మేళనం కిరోసిన్‌లో కరగక విడిపోయి ఉంటుంది. 5 శాతం దాకా టీబీపీ (ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్) కలిపితే చాలావరకు సర్దుకుంటుంది.

పొరల మధ్య జిగట తెట్టు

దీన్నే క్రడ్ అంటారు. దాంతోపాటు ఖరీదైన ఆర్గానిక్ కూడా పోతుంది కాబట్టి నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే. కొంచెం తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి. గరగరలాడితే వడపోత సరిగా లేదు, ద్రావణం తేటపడేదాకా మళ్లీ వడకట్టండి. జెల్లీలా జారితే కొల్లాయిడ్ సిలికా (ద్రావణంలో తేలే అతి సన్నని సిలికా రేణువులు) అయ్యుంటుంది. ఫ్లాక్యులెంట్‌తో, అంటే సన్నని రేణువులను ముద్దకట్టించే మందుతో, దాన్ని ముందే పేరబెట్టి వడకట్టాలి. మోతాదు బీకరులో తేల్చుకున్నాకే ట్యాంకులో పోయండి, ఎక్కువైతే అదే పొరలను విడిపోనివ్వదు. మిక్సర్ వేగం కూడా ఒకసారి తగ్గించి చూడండి.