విటమిన్ ఎ ఇస్తే యాంటీబాడీలు పెరుగుతాయా? ఎలా అంచనా వేయాలి?

విటమిన్ ఎ తీసుకుంటే రోగనిరోధక శక్తి పెరుగుతుందన్న మాటలో సగమే నిజం ఉంది. లోపం ఉన్న శరీరంలో అది లోటును పూడుస్తుంది గానీ, నిల్వలు చాలినంత ఉన్నవారిలో కొత్తగా యాంటీబాడీలను పుట్టిస్తుందని నమ్మడానికి గట్టి ఆధారం లేదు.

కాబట్టి మొదట లోపం ఉందో లేదో తేల్చుకోవాలి. రేచీకటి, కంటి తెల్లగుడ్డు మీద నురుగులా కనిపించే బిటాట్ మచ్చలు ముఖ్యమైన గుర్తులు. రక్తంలో రెటినాల్ (విటమిన్ ఎ ప్రధాన రూపం) లీటరుకు 0.70 మైక్రోమోల్ కన్నా తక్కువ ఉంటే లోపంగా లెక్కిస్తారు. అయితే కాలేయంలోని నిల్వలు దాదాపు అడుగంటేదాకా ఈ అంకె తగ్గదు. పైగా జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు నిల్వలున్నా తాత్కాలికంగా పడిపోతుంది. అందుకే శరీరంలో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నాయేమో తెలిపే సి-రియాక్టివ్ ప్రోటీన్ పరీక్ష కూడా చేయించి, రెండింటినీ కలిపి చూడాలి. చాలామంది వదిలేసేది ఈ జాగ్రత్తనే.

తరువాత, ఏ యాంటీబాడీ గురించి మాట్లాడుతున్నామో స్పష్టం చేసుకోవాలి. కణాల్లో రెటినాల్ రెటినోయిక్ ఆమ్లంగా మారి, కేంద్రకంలోని గ్రాహకాలకు అతుక్కుని జన్యువుల పనిని నియంత్రిస్తుంది. పేగుల్లోని డెండ్రిటిక్ కణాలు (సూక్ష్మజీవుల ఆనవాళ్లను ఇతర రోగనిరోధక కణాలకు చూపేవి) ఈ ఆమ్లాన్ని తయారుచేసి అందించినప్పుడే అక్కడి బి కణాలు (యాంటీబాడీలను తయారుచేసేవి) తిరిగి పేగు గోడకు చేరే గుర్తును సంతరించుకుని, పేగు వంటి లోపలి పొరలను కాపాడే యాంటీబాడీ అయిన ఇమ్యునోగ్లోబులిన్ ఎ తయారీకి మళ్లుతాయి. బి కణాలకు సాయపడే టి కణాల తోడ్పాటుతో నడిచే ధనుర్వాతం టీకా స్పందన కూడా లోపమున్న ఎలుకల్లో బాగా తగ్గి, రెటినాల్ ఇవ్వగానే కోలుకుంది. అవే ఎలుకల్లో బాక్టీరియా పైపొరలోని లైపోపాలీశాకరైడ్‌కు స్పందన మాత్రం దాదాపు మామూలుగానే ఉంది. ఒక టీకా ఫలితాన్ని మరోదానికి అన్వయించడం ఇందుకే సరికాదు.

మోతాదు వైద్యుల నిర్ణయం. లోపం ప్రజారోగ్య సమస్యగా ఉన్నచోట 6–11 నెలల శిశువులకు ఒకసారి 1,00,000 యూనిట్లు, 12–59 నెలల పిల్లలకు ప్రతి 4–6 నెలలకు 2,00,000 యూనిట్లు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తుంది. ఇవి పెద్ద మోతాదులు. గర్భిణులు ఇలాంటివి తీసుకుంటే గర్భస్థ శిశువుకు అవయవ లోపాలు కలిగే ప్రమాదం ఉంది.

చివరగా, ఫలితాన్ని కొలిచేటప్పుడు టీకాకు ముందు ఒకసారి, కొన్ని వారాల తరువాత ఒకసారి రక్తం తీసి, విటమిన్ ఇవ్వని వారితో పోల్చాలి. వయసునూ, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలనూ లెక్కలోకి తీసుకోవాలి. ఇండోనేషియాలో ఆరు నెలల శిశువులకు తట్టు టీకాతో పాటు విటమిన్ ఎ ఇస్తే, తల్లి యాంటీబాడీలు ఇంకా మిగిలి ఉన్నవారిలో టీకా స్పందన తగ్గింది. తొమ్మిది నెలల వయసులో ఇచ్చినప్పుడు అలాంటి ఆటంకం కనిపించలేదు.