కాంటా ఫైల్ చదివే గో ప్రోగ్రామ్ నత్తనడక: నాకు పనిచేసిన మార్గం

మా మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకి వేబ్రిడ్జి కాంటా లెక్కలు తీసే ప్రోగ్రామ్ గో భాషలో రాశాను. వరికోతల సీజన్‌లో ఫైల్ లక్షల లైన్లకు చేరేసరికి పాత లాప్‌టాప్ ఫ్యాన్ మోత, గుమస్తా ఎదురుచూపులు. ప్రొఫైల్ (ఏ పనికి ఎంత టైమ్ పోతోందో చూపే లెక్క) తీస్తే సగం టైమ్ గార్బేజ్ కలెక్టర్‌కే, అంటే వాడేసిన మెమరీని ఏరి ఖాళీ చేసే భాగానికే, పోతోంది.

ర్యామ్ పెంచా, ఆ కలెక్టర్ ఎంత తరచుగా నడవాలో చెప్పే గోజీసీ (GOGC) విలువ మార్చా, వాడిన మెమరీనే మళ్లీ వాడుకునే సింక్ పూల్ (sync.Pool) పెట్టా. పెద్దగా లాభం లేదు.

చివరికి బిల్డ్ చేసేటప్పుడు కంపైలర్‌కి సూచనలిచ్చే జీసీఫ్లాగ్స్‌లో మైనస్ ఎమ్ (-gcflags=-m) ఇచ్చాను. ఏది స్టాక్ (ఫంక్షన్ ముగియగానే ఖాళీ అయ్యే మెమరీ) మీద ఉంటుందో, ఏది హీప్‌కి (గార్బేజ్ కలెక్టర్ శుభ్రం చేయాల్సిన మెమరీ) పోతుందో కంపైలరే లైన్ నంబర్‌తో సహా చెప్పేస్తుంది. లైన్ చదివే ఫంక్షన్ దగ్గర ‘మూవ్డ్ టు హీప్’ అని కనబడింది. బండి నంబర్, బరువు, టైమ్ ఉన్న చిన్న స్ట్రక్ట్‌కి (కొన్ని విలువల కట్ట) నేను పాయింటర్, అంటే విలువకు బదులు దాని మెమరీ చిరునామా, రిటర్న్ చేస్తున్నా. కాపీ తప్పుతుందన్న నా అతితెలివి అది! ఫంక్షన్ ముగిశాక కూడా ఆ విలువ బతకాలి కాబట్టి ప్రతి లైన్‌కీ హీప్‌లో కొత్త చోటు.

ముందు పాయింటర్ తీసేసి విలువనే రిటర్న్ చేశా. మళ్లీ మైనస్ ఎమ్. ఈసారి విలువల్ని టెక్స్ట్‌గా కూర్చే స్ప్రింట్ఎఫ్ (Sprintf) దగ్గర ‘ఎస్కేప్స్ టు హీప్’. దాని బదులు ఒకే బఫర్‌ని ప్రతిసారీ ఖాళీ చేసుకుంటూ అంకెను నేరుగా ఆ బఫర్‌లోకి రాసే, స్ట్రాకాన్వ్ ప్యాకేజీలోని అపెండ్ఇంట్ (strconv.AppendInt) వాడా. ఇప్పుడు గుమస్తా టీ తాగొచ్చేలోపే లెక్క రెడీ.

మీ దగ్గరా ఇదే కారణమని చెప్పలేను. ఫంక్షన్ చిన్నదైతే కంపైలర్ ఇన్‌లైన్ చేసి (దాని కోడ్‌ని పిలిచిన చోటే కలిపేసి), పాయింటర్ ఇచ్చినా విలువను స్టాక్ మీదే ఉంచొచ్చు. స్ట్రక్ట్ పెద్దదైతే కాపీయే బరువవుతుంది. ముందు ప్రొఫైల్ తీయండి.