ఐ2సి సెన్సర్ ఉన్నట్టుండి పలకడం మానేసిందా? కోడ్ జోలికి వెళ్లే ముందు ఎస్‌డీఏ చూడండి

ఐ2సి (రెండు తీగల మీద సెన్సర్లు, చిప్‌లు ప్రాసెసర్‌తో మాట్లాడే బస్) పని చేయడం లేదని నా దగ్గరకు వచ్చే బోర్డుల్లో చాలావాటికి లైబ్రరీలు మార్చి ఉంటారు, వైర్లు మార్చి ఉంటారు. మల్టీమీటర్ మాత్రం పెట్టి ఉండరు. ముందు ఆ పని చేయండి. బస్ ఖాళీగా ఉన్నప్పుడు ఎస్‌డీఏ (డేటా లైన్), ఎస్‌సీఎల్ (క్లాక్ లైన్) రెండూ సప్లై వోల్టేజీ దగ్గరే ఉండాలి. ఈ లైన్ల మీద చిప్‌లు కిందికి లాగడమే తప్ప పైకి నెట్టవు. పైకి లేపేది లైన్‌ను సప్లైకి కలిపే పుల్-అప్ రెసిస్టరే.

స్కానర్‌లో (బస్ మీదున్న చిప్‌ల అడ్రసులు వెతికే ప్రోగ్రామ్) ఏ అడ్రసూ రాదు, లైన్ వోల్టేజీ నిలకడగా లేదు

పుల్-అప్ లేదు. రెండు లైన్లకూ చెరొక 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. మాడ్యూళ్ల మీద ఇవి సాధారణంగా ఉంటాయి, విడి చిప్ కొంటే మీరే పెట్టాలి. అలాగని ఆరేడు మాడ్యూళ్లు ఒకే బస్ మీద కలిపితే వాటి రెసిస్టర్లన్నీ ప్యారలల్‌లో పడి విలువ బాగా తగ్గిపోతుంది, అప్పుడు చిప్‌లు లైన్‌ను సరిగా కిందికి లాగలేకపోవచ్చు. కొన్నింటి రెసిస్టర్లు తీసేయండి.

లైన్లు బాగానే ఉన్నాయి, చిప్ జవాబివ్వదు

అడ్రస్ తప్పు. ఓలెడ్ డిస్‌ప్లే బోర్డు వెనక 78 అని ఉంటుంది, కోడ్‌లో ఇవ్వాల్సింది హెక్స్ 3సి. బోర్డు మీదున్నది చదవాలా రాయాలా చెప్పే రీడ్-రైట్ బిట్ కూడా కలిపి రాసిన అంకె. డీఎస్3231 (గడియారం చిప్), ఎంపీయూ6050 (కదలికల సెన్సర్) రెండూ హెక్స్ 68 మీదే ఉంటాయి కాబట్టి కలిపి వాడితే గొడవే. ఎంపీయూ ఏడీ0 పిన్‌ను సప్లైకి కలిపితే అది 69కి మారుతుంది.

గంటల తరబడి బాగా నడిచి ఆగిపోతుంది, రీసెట్ నొక్కినా రాదు, పవర్ తీసి పెడితే వస్తుంది

అందర్నీ ఏడిపించేది ఇదే. సెన్సర్ పాడైందనుకుని కొత్తది కొంటారు, అదీ కొన్నాళ్లకు ఇలాగే ఆగిపోతుంది. ఆగిపోయిన స్థితిలోనే, పవర్ తీయకుండా, కొలిచి చూడండి. ఎస్‌సీఎల్ 3.3 వోల్టులు, ఎస్‌డీఏ గట్టిగా సున్నా చూపిస్తే కారణం దొరికినట్టే.

ప్రాసెసర్ డేటా చదువుతోంది. సెన్సర్ సున్నా బిట్ పంపడానికి ఎస్‌డీఏను కిందికి లాగి, తర్వాతి క్లాక్ కోసం చూస్తోంది. సరిగ్గా అప్పుడే వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ వేలాడితే రీసెట్ చేసే టైమర్) వల్లో, కొత్త ప్రోగ్రామ్ ఎక్కించడం వల్లో ప్రాసెసర్ రీసెట్ అయింది. సెన్సర్‌కు పవర్ పోలేదు కదా, ఆ సంగతి దానికి తెలియదు. అలాగే పట్టుకుని కూర్చుంటుంది. ఎస్‌డీఏ పై నుంచి కిందికి దిగితేనే స్టార్ట్ (మాట మొదలుపెట్టే సంకేతం). లైన్ ముందే కింద ఉంటే ప్రాసెసర్ స్టార్ట్ ఎలా ఇస్తుంది?

సెన్సర్ ఎదురుచూసే క్లాక్‌లు ఇచ్చేయడమే మందు. ఐ2సి లైబ్రరీ మొదలయ్యే ముందు ఎస్‌డీఏ చదవండి. కింద ఉంటే ఎస్‌డీఏను ముట్టకుండా ఎస్‌సీఎల్ మీద 9 పల్స్‌లు ఇవ్వండి. కిందికి లాగేటప్పుడే పిన్ అవుట్‌పుట్, వదిలేటప్పుడు ఇన్‌పుట్. ఒక్కో దశకు 5 మైక్రోసెకన్లు చాలు. మధ్యలో ఎస్‌డీఏ లేచింది కదా అని ఆపొద్దు, వచ్చింది ఒకటి బిట్ కావచ్చు, వెనకే ఇంకో సున్నా ఉండొచ్చు. 9 పల్స్‌ల్లో ఎక్కడో ఒకచోట ఎకనాలెడ్జ్ (అందిందని లైన్ కిందికి లాగి చెప్పే) వంతు వస్తుంది, అప్పుడు ఎవరూ లైన్ లాగకపోవడంతో సెన్సర్ పంపడం ఆపేస్తుంది. చివర్లో స్టాప్ (మాట ముగించే సంకేతం) ఇవ్వండి: ఎస్‌సీఎల్ కింద ఉండగా ఎస్‌డీఏ దించి, ముందు ఎస్‌సీఎల్, తర్వాత ఎస్‌డీఏ వదలాలి.

ఆర్డుయినో యూనోలో ఐ2సి కోసం వాడే వైర్ లైబ్రరీ టైమౌట్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే ప్రోగ్రామ్ వేలాడదు. కానీ సెన్సర్ లైన్ వదలాలంటే ఈ 9 పల్స్‌లు ఇవ్వాల్సిందే. ఎస్‌సీఎల్ కూడా సున్నాలో ఇరుక్కుంటే ఈ మందు పని చేయదు, సెన్సర్ పవర్‌ను ట్రాన్సిస్టర్‌తో కట్ చేసి ఇచ్చే ఏర్పాటు పెట్టుకోండి.

మిగతావి అరుదు. మీటర్ల పొడవు వైర్ వాడితే స్పీడ్ 100 కిలోహెర్ట్జ్‌కు తగ్గించండి. పాత రాస్ప్‌బెర్రీ పైలలో క్లాక్ స్ట్రెచింగ్ (సెన్సర్ ఎస్‌సీఎల్‌ను కింద పట్టుకుని ప్రాసెసర్‌ను ఆగమనడం) లోపం ఉంది, స్ట్రెచ్ చేసే సెన్సర్‌కు సాఫ్ట్‌వేర్ ఐ2సి వాడండి. చిప్ కాలిపోయిందన్న అనుమానం ఇవన్నీ చూశాకే.