పేరు తెలియని బ్యాండ్లను వెతికి పట్టుకోవడం ఎలా

ఇంతవరకు వినని బ్యాండును వెతకడంలో మొదటి చిక్కు దాని పేరు మనకు తెలియకపోవడమే. పేరు తెలిస్తే శోధన పెట్టెలో టైపు చేయవచ్చు. తెలియనప్పుడు ఏం టైపు చేయాలో తోచదు కనుక చాలామంది శ్రోతలు ఆ భారాన్ని స్పాటిఫై, యూట్యూబ్ సిఫారసులకు అప్పగించి ఊరుకుంటారు. స్పాటిఫై 2015లో మొదలుపెట్టిన డిస్కవర్ వీక్లీ వంటి జాబితాలు ప్రధానంగా ఒక లెక్క మీద నడుస్తాయి. మీరు వినే పాటలనే వినే ఇతరులు ఇంకా ఏమేమి వింటున్నారో, ఏ పాటలను ఒకే ప్లేలిస్టులో చేరుస్తున్నారో చూసి, వాటిలో మీరు విననివాటిని అవి మీ ముందు పెడతాయి. వేలమంది వినే బ్యాండు విషయంలో ఈ లెక్క చక్కగానే కుదురుతుంది. కిందటి నెలలో తొలి పాట విడుదల చేసి, స్నేహితులూ బంధువులూ కలిపి నూటయాభై మందికి మించి శ్రోతలు లేని బ్యాండు విషయంలో మాత్రం లెక్క కట్టడానికి చాలినంత సమాచారమే ఉండదు. గడచిన పన్నెండు నెలల్లో వెయ్యిసార్లయినా మోగని పాటకు స్పాటిఫై 2024 నుంచి రాబడిలో వాటా ఇవ్వడం లేదు. ఆ గీతకు దిగువనో, దాని అంచుల్లోనో ఉన్న సంగీతాన్ని చేరుకునే దారుల గురించే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఆ దారులన్నింటికీ మూలసూత్రం ఒకటే: స్వతంత్ర బ్యాండ్లను ధ్వనిని బట్టి కాక, మనుషులను బట్టి వెతకాలి. ఒక బ్యాండులో గిటార్ వాయించే వ్యక్తి మరో బ్యాండుకు రికార్డింగ్ చేసిపెడతాడు, ఆ బ్యాండు డ్రమ్మర్ మూడో బ్యాండులో సభ్యుడై ఉంటాడు, ఆ మూడు బ్యాండ్లూ ఒకే చిన్న వేదిక మీద వారం మార్చి వారం వాయిస్తుంటాయి. ఒక్క తీగ దొరికితే చాలు, డొంకంతా కదులుతుంది. ఆ తొలి తీగ కోసం ఎక్కడికో పోనక్కరలేదు. మీకు ఇప్పటికే నచ్చిన ఒక్క బ్యాండు చాలు.

ఢిల్లీలో 2009 ప్రాంతంలో ఏర్పడిన పీటర్ క్యాట్ రికార్డింగ్ కో. ఇప్పుడు విదేశాల్లో కూడా కచేరీలు చేసే స్థాయి ఉన్న బ్యాండు. దానిని కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. అయితే దాని సభ్యుల జాబితా పట్టుకుని వెళ్తే, గాయకుడు సూర్యకాంత్ సాహ్నీ లిఫాఫా అనే పేరుతో ఒంటరిగా చేసిన హిందీ ఎలక్ట్రానిక్ పాటలు ఎదురవుతాయి. మరో సభ్యుడు కార్తీక్ పిళ్ళై ద్వారా బేగం అనే, అంతగా ప్రచారం లేని బ్యాండు దాకా వెళ్ళవచ్చు. ఈ మూడింటి ధ్వనికీ పోలిక తక్కువ. ధ్వని పోలికను మాత్రమే చూసే సిఫారసు వీటిని కలపడానికి తడబడుతుంది గానీ, సభ్యుల పేర్లు చదివే పాఠకుడికి ఒక్క అడుగులో దొరుకుతాయి. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 2020లో వచ్చిన తెలుగు సినిమా ‘జాను’ పాటలు నచ్చినవారు సంగీత దర్శకుడు గోవింద్ వసంత పేరు పట్టుకుని వెనక్కి వెళ్తే కేరళకు చెందిన థైక్కుడం బ్రిడ్జ్ అనే బ్యాండు వస్తుంది. ఆ బ్యాండుకు 2013లో గుర్తింపు తెచ్చినది కప్పా టీవీలో ప్రసారమైన మ్యూజిక్ మోజో అనే కార్యక్రమం. ఆ కార్యక్రమపు పాత రికార్డింగులను యూట్యూబులో వరుసగా తెరిస్తే థైక్కుడం బ్రిడ్జ్‌తో పాటు వేదికెక్కి, ఆ తర్వాత అంత పేరు రాని బ్యాండ్లు ఎన్నో కనిపిస్తాయి. సినిమా పాటల మీద పెరిగిన మన శ్రోతలకు ఇది అన్నింటికంటే సులువైన ప్రవేశమని నా అభిప్రాయం, ఎందుకంటే సినిమా పాటకు వాయించే కళాకారుల్లో పలువురికి సొంత బ్యాండ్లు ఉంటాయి.

సభ్యుల తర్వాత చూడవలసినవి తెర వెనుక పేర్లు: రికార్డింగ్ జరిగిన స్టూడియో, మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన గొంతును, వాద్యాలను సరితూచి కలపడం), మాస్టరింగ్ (విడుదలకు ముందు పాటకు పెట్టే తుది మెరుగు) చేసినవారు, విడుదల చేసిన లేబుల్. పెద్ద కంపెనీల లేబుల్ పేరు ఏమీ చెప్పదు, వారు అన్నీ విడుదల చేస్తారు. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే చిన్న లేబుల్ మాత్రం ఒకరి అభిరుచికి గుర్తు. అందులో ఒక ఆల్బమ్ నచ్చితే మిగిలినవాటిలో ఒకటి రెండయినా నచ్చే అవకాశం ఎక్కువ. మాస్టరింగ్ ఇంజనీరు విషయంలో ఈ సూత్రం అంతగా పనికిరాదు, ఆయన దగ్గరికి అన్ని రకాల సంగీతమూ వస్తుంది. మిక్సింగ్ చేసినవారు, పాట ధ్వనిని తీర్చిదిద్దే ప్రొడ్యూసరు నమ్మదగిన గుర్తులు. ఈ వివరాలు స్పాటిఫైలో పాట పక్కనున్న మూడు చుక్కలను నొక్కితే వచ్చే క్రెడిట్స్‌లో కొంతవరకు, యూట్యూబు వీడియో కింది వివరణలో మరికొంత దొరుకుతాయి. మెటల్ సంగీతం వినేవారు అదృష్టవంతులు: 2002 నుంచి నడుస్తున్న ఎన్‌సైక్లోపీడియా మెటలమ్ అనే సైటులో బ్యాండ్లను దేశం, ఊరు వారీగా వెతకవచ్చు, ప్రతి సభ్యుడి పేరు మీద నొక్కితే ఆయన వాయించిన ఇతర బ్యాండ్ల జాబితా వస్తుంది. హైదరాబాద్ మూలాలున్న గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండు దగ్గర మొదలుపెడితే మన నగరపు మెటల్ చరిత్ర చాలావరకు బయటపడుతుంది.

అన్నింటికంటే ఎక్కువ సమయం వెచ్చించదగిన చోటు బ్యాండ్‌క్యాంప్. 2008లో మొదలైన ఈ సైటులో బ్యాండ్లు తమ సంగీతాన్ని నేరుగా అమ్ముకుంటాయి. కొనేముందు చాలా ఆల్బమ్‌లను ఉచితంగా విని చూడవచ్చు. ముఖపుటలో కనిపించే ఎంపికలను దాటి ఏదో ఒక ఆల్బమ్ పేజీలోకి వెళ్ళి, కిందికంటా చదవాలి. పేజీ అడుగున సంగీత శైలులతో పాటు ఊరి పేరు కూడా ట్యాగ్‌గా ఉంటుంది. షిల్లాంగ్, కొచ్చి, చెన్నై, హైదరాబాద్ వంటి పేరు మీద నొక్కి, అమ్మకాల వరుసను వదిలి కొత్తగా వచ్చినవాటి వరుసను ఎంచుకుంటే, ఆ ఊరి నుంచి ఇటీవల చేరిన సంగీతమంతా శైలీభేదం లేకుండా ఒక్కచోట కనిపిస్తుంది. అందులో పడకగదిలో ఒక్కరే చేసిన గరుకు రికార్డింగులు ఎక్కువ, అది సహజం. వాటిని జల్లెడ పట్టడానికి ఓపిక పట్టవలసిందే. అదే పేజీలో ఆల్బమ్‌ను కొన్నవారి చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి. ఒక బొమ్మ మీద నొక్కితే ఆ వ్యక్తి డబ్బిచ్చి కొన్న సంగీతమంతా తెరుచుకుంటుంది. ఈ ఒక్క సదుపాయం వంద ప్లేలిస్టులకు సమానం అంటాను. ప్లేలిస్టులో పాట చేర్చడానికి ఖర్చేమీ లేదు, జేబులోంచి డబ్బు తీసినవాడి ఎంపికకు బరువు ఉంటుంది. మీకు నచ్చిన రెండు అనామక ఆల్బమ్‌లనూ కొన్న వ్యక్తి ఒకరు తారసపడితే, వారిని అనుసరించే బటన్ నొక్కి పెట్టుకోండి. వారు ఇకపై ఏది కొన్నా మీకు తెలుస్తుంది.

తెర ముందు కూర్చుని చేసే వెతుకులాట ఎంత చేసినా, కచేరీకి వెళ్ళడానికి అది ప్రత్యామ్నాయం కాదు. ఉత్సవాల పోస్టరును కింది నుంచి పైకి చదవాలి. పెద్ద అక్షరాల్లో ఉన్నవారు మీకు ఎలాగూ తెలుస్తారు; చివరి వరుసల్లో ఇరుకుగా అచ్చువేసిన పేర్లను నిర్వాహకులు పేరుప్రతిష్ఠల కోసం కాక, చాలాసార్లు విని నచ్చినందువల్లనే పిలిచి ఉంటారు. పుణేలో 2010లో ఆరంభమైన ఎన్‌హెచ్7 వీకెండర్, అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో 2012లో మొదలైన జీరో సంగీతోత్సవం, నాగాలాండ్‌లో డిసెంబరు నెలలో జరిగే హార్న్‌బిల్ ఉత్సవం, వీటి పాత పోస్టర్లు చాలావరకు అంతర్జాలంలో దొరుకుతాయి. ఈశాన్య రాష్ట్రాల బ్యాండ్లను తెలుసుకోవడానికి చివరి రెండింటినీ మించిన జాబితా నాకు తెలియదు. ఐఐటీ బొంబాయి మూడ్ ఇండిగోలో జరిగే లైవ్‌వైర్ వంటి కళాశాల పోటీల తుది జాబితాలు మరో గని. గెలిచినవారిని మాత్రమే చూసి వదలకూడదు, ఓడినవారిలో మంచి బ్యాండ్లు ఉండడం పోటీల స్వభావంలోనే ఉంది.

సొంత ఊరిలోనైతే వేదికను నమ్ముకోవాలి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ వంటి చోట్ల, బ్రూవరీల్లో, కాఫీ దుకాణాల్లో ఏ రోజు ఎవరు వాయిస్తున్నారో ఆ వేదికల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు ముందే చెబుతాయి. ప్రధాన బ్యాండు కోసం టికెట్ కొన్నప్పుడు కూడా గంట ముందే చేరుకోవాలి. ముందుగా వాయించే బ్యాండును ప్రధాన బ్యాండే తనకు నచ్చి ఎంచుకున్న సందర్భాల్లో అది ఒక సంగీతకారుడు మరో సంగీతకారుడికి ఇచ్చిన సిఫారసు వంటిది. కచేరీ ముగిశాక వేదిక దిగినవారిని పలకరించి, ఈ ఊళ్ళో మీరు ఎవరి కచేరీకి వెళ్తారని అడిగితే, గాయకుడు గారైనా, డ్రమ్స్ వాయించిన కుర్రాడైనా మూడు నాలుగు పేర్లు చెప్పకుండా ఉండరు. ఏ శోధన యంత్రమూ ఇవ్వని జాబితా అది.

తెలుగులో పాడే బ్యాండ్లను వెతకడానికి అదనంగా ఒక మెలకువ కావాలి. హైదరాబాదుకు చెందిన చౌరస్తా వంటి పేరున్న బ్యాండ్లు వెంటనే దొరుకుతాయి గానీ, చిన్నవారు పాటల పేర్లను తెలుగు లిపిలో కొందరు, ఇంగ్లీషు అక్షరాల్లో కొందరు తమకు తోచిన వర్ణక్రమంతో పెడతారు. కాబట్టి ఒకే మాటను తెలుగు లిపిలో ఒకసారి, దీర్ఘాలు రెట్టించి ఒకసారి, రెట్టించకుండా ఒకసారి వెతకాలి. ‘తెలుగు ఇండీ’ (ఇండీ అంటే స్వతంత్ర సంగీతం) అన్న శోధనలో సినిమా పాటల కవర్లు, అంటే ఇతరులు మళ్ళీ పాడినవి, కుప్పలుగా వస్తాయి. ‘ఒరిజినల్’ అన్న మాట చేరిస్తే కొంత తగ్గుతాయి.

దొరికిన బ్యాండు నిజంగా ఉందా అన్నది కూడా ఇప్పుడు చూసుకోవలసి వస్తోంది. 2025 జూన్, జూలై నెలల్లో వెల్వెట్ సన్‌డౌన్ అనే బ్యాండు స్పాటిఫైలో 10 లక్షలకు పైగా నెలవారీ శ్రోతలను సంపాదించిన తర్వాత, అది కృత్రిమ మేధ సాయంతో చేసిన సంగీతమని దాని పరిచయంలోనే ఒప్పుకున్నారు. ఎక్కడా కచేరీ చేసిన ఆనవాలు లేకుండా, సభ్యుల పేర్లకు వేరే ఏ పనితోనూ సంబంధం కనిపించకుండా, కొద్ది వారాల్లోనే రెండు మూడు ఆల్బమ్‌లు వచ్చి ఉంటే అనుమానించాలి. ఒక్క ప్రత్యక్ష ప్రదర్శన వీడియో, అది ఫోనుతో తీసిన మసక వీడియో అయినా సరే, ఆ సందేహాన్ని తీర్చేస్తుంది. పైగా బ్యాండు అసలు సత్తా స్టూడియో పాటలో కంటే అందులోనే తెలుస్తుంది.

పదిహేను ఇరవై బ్యాండ్లు ఇలా పోగయ్యాక సిఫారసు యంత్రాలను పనిలోకి తీసుకోవచ్చు. ఆ బ్యాండ్లను అనుసరించి, వారి పాటలను పూర్తిగా విని, విడిగా ఒక ప్లేలిస్టులో పెట్టుకుంటే యంత్రానికి కావలసిన సమాచారం మీరే ఇచ్చినట్టవుతుంది. స్పాటిఫైలో ప్రతి శుక్రవారం వచ్చే రిలీజ్ రాడార్ వారి కొత్త పాటలను గుర్తుచేస్తుంది. పేరు, ఊరు, ఎవరి ద్వారా తెలిసింది అన్న మూడు వివరాలను ఒక కాగితం మీదో ఫోనులోనో రాసుకోవడం మంచిది. ఒకే పేరుతో రెండు బ్యాండ్లు ఉన్నప్పుడు, వాటి పాటలు ఒకే పేజీలో కలిసిపోయినప్పుడు ఊరి పేరే దిక్కు.

నచ్చినవారికి డబ్బు చేర్చే దారి కూడా తెలుసుకుని ఉండాలి. బ్యాండ్‌క్యాంప్ సాధారణంగా పాటల అమ్మకం మీద 15 శాతం తీసుకుంటుంది. 2020 మార్చిలో ప్రారంభించిన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అనే కొన్ని ఎంపిక చేసిన శుక్రవారాల్లో ఆ వాటాను వదులుకుంటుంది, కనుక విదేశీ బ్యాండ్ల ఆల్బమ్‌లను విష్‌లిస్టులో దాచుకుని ఆ శుక్రవారాల్లో కొనడం మేలు. భారతీయ బ్యాండ్ల విషయంలో చిన్న ఇబ్బంది ఉంది. బ్యాండ్‌క్యాంప్ చెల్లింపులకు వాడే పేపాల్ సంస్థ 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలోపలి చెల్లింపులను నిలిపివేసినందువల్ల, ఇక్కడి కొనుగోలుదారు ఇక్కడి బ్యాండుకు ఆ మార్గంలో డబ్బు పంపబోతే లావాదేవీ ఆగిపోవచ్చు. అలాంటప్పుడు బ్యాండుకు నేరుగా ఇన్‌స్టాగ్రామ్‌లో సందేశం పంపి యూపీఐ వివరాలు అడగండి. కచేరీలో అమ్మే టీషర్టు, సీడీ కొంటే మధ్యవర్తి ఎవరూ ఉండరు.