మృగశిర రాకముందే టార్పాలిన్ పట్టా సంగతి చూసుకోండి

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. నైరుతి రుతుపవనాలు మామూలుగా ఆ రోజుల్లోనే మనల్ని పలకరిస్తాయి. అక్కడినుంచి సెప్టెంబరు చివరిదాకా ఒక ఎత్తు, కోస్తా జిల్లాలవారికి అక్టోబరు, నవంబరు తుపానులు మరో ఎత్తు. రైతు బజారులో బల్ల ఉన్నవారైనా, వారపు సంతలో నేలమీద గోనె పరుచుకునేవారైనా ఏటా ఈ కాలంలో సరుకు గురించే బెంగ పెట్టుకుంటారు. సరుకు తడిస్తే ఆ పూట నష్టం, అంతే. ప్రాణం మీదికి తెచ్చేవి వేరే ఉన్నాయి: నీళ్లు నిండిన పట్టా, తడిసిన కరెంటు తీగ, పిడుగు. ముందు వీటి సంగతి తేల్చుకుంటే మిగతావి నిమ్మళంగా చూసుకోవచ్చు.

రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలైనప్పటినుంచి చాలాచోట్ల రేకుల షెడ్లున్నాయి. కానీ షెడ్డు అంచునుంచి జల్లు కొడుతుందని దానికి అదనంగా పట్టా కట్టనివారు అరుదు. సంతలో అయితే పట్టాయే కప్పు. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న పట్టా మీద 20 మిల్లీమీటర్ల వాన కురిసి ఆ నీరంతా అక్కడే నిలిచిందనుకోండి, బరువు 180 కిలోలు దాటుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే లీటరు నీరు, అంటే కిలో బరువు. లెక్క మీరే వేసుకోవచ్చు. దాదాపు నాలుగు సిమెంటు బస్తాల బరువును నాలుగు వెదురు గుంజలు మోయాలి, కింద మీరు కూర్చోవాలి.

కాబట్టి పట్టాను ఎప్పుడూ సమంగా కట్టకూడదు. వెనక గుంజలకంటే ముందువి కనీసం అడుగున్నర ఎత్తు ఉండాలి, లేదా మధ్యలో తాడు లాగి రెండువైపులా వాలు రావాలి. వాలు ఎటు పెట్టినా ఆ నీరు పక్కవారి బుట్టలో పడకూడదు. సంతలో సగం తగాదాలకు మూలం ఇదే. అందుకే కట్టేముందే ఆ పక్కవారితో ఒక మాట అనుకోవడం మంచిది. పట్టా బొజ్జలా దిగిందని చీపురు కర్రతో కిందినుంచి పొడవకండి. బరువు ఒక్కసారిగా ఒక వైపుకు దొర్లి గుంజ విరుగుతుంది. బయటికి వచ్చి అంచు తాడును కొద్దికొద్దిగా వదులు చేస్తే నీరు తనంతట తానే జారిపోతుంది. ఇందుకోసం తాళ్లకు లాగితే ఊడే జారుముడి వేయాలి. తడిసిన నైలాను తాడుకు వేసిన గట్టిముడిని గాలివానలో విప్పడం ఎవరివల్లా కాదు. సిమెంటు నేలమీద గుంజ దిగదు కాబట్టి ఇసుక బస్తాలు కట్టేవారు ఒక్కో గుంజకు ఒక బస్తాతో సరిపెట్టుకుంటారు. గాలి పట్టా కిందికి దూరితే అది చాలదు. గాలి మొదలవగానే పట్టాను దించి సరుకు మీదే కప్పేయడం మేలు. తలమీద పట్టా లేకపోతే మీరు తడుస్తారు, కాసేపటికి ఒళ్లు ఆరుతుంది, అంతే.

బల్లకు పైన ఏముందో కూడా ఒకసారి తలెత్తి చూడండి. పచ్చగా కనిపించినా తురాయి కొమ్మలు గాలికి తేలిగ్గా విరుగుతాయి. పాత హోర్డింగు, పగుళ్లు వేసిన ప్రహరీ పక్కన చోటు ఉంటే, ఈ నెలలకు వేరే చోటు చూపమని రైతు బజారు చూసుకునే ఎస్టేట్ అధికారిని అడగండి. సంతలో అయితే ఆశీలు వసూలు చేసేవారిని అడగండి (తెలంగాణలో తైబజారు అంటారు). కాలువ పూడిక, రేకు చిల్లుల గురించి కూడా ఇప్పుడే కాగితం మీద రాసి ఇవ్వాలి. నోటితో చెప్పింది వానలో కొట్టుకుపోతుంది.

సాయంత్రం బల్లల దగ్గర బల్బు కావాలి. ఒక తీగనుంచి ఇంకో తీగ, దానినుంచి మరొకటి లాగి, అతుకులకు టేపు చుట్టి, అవే తీగలను ఇనప పైపులకు చుట్టే అలవాటు దాదాపు అన్నిచోట్లా ఉంది. ఎండాకాలం అది గడిచిపోతుంది. తడిసిన ఇనప గుంజకు టేపు లోపలినుంచి కరెంటు దిగితే, కొత్తిమీర కొనడానికి వచ్చి ఆ గుంజ పట్టుకున్న మనిషి బలవుతాడు. ఛార్జింగు ఎల్ఈడీ బల్బు ఇప్పుడు అందరికీ అందే ధరలోనే దొరుకుతోంది. ఇంట్లో ఛార్జింగు పెట్టుకుని తెచ్చుకుంటే ఈ గొడవే ఉండదని నా గట్టి అభిప్రాయం. కరెంటు తప్పదంటే అతుకు లేని తీగ, నేలకు తగలకుండా పైనుంచి, చెక్కకో వెదురుకో కట్టి తేవాలి. మెయిను దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగండి. కరెంటు లీకయితే రెప్పపాటులో సరఫరా ఆపేది అదే. ఎవరికైనా షాకు కొడితే చేత్తో లాగకూడదు. ముందు మెయిను ఆపాలి, కుదరకపోతే పొడి కర్రతో తీగను తప్పించాలి.

పిడుగుకు ఒక లెక్క ఉంది. మెరుపు కనిపించాక ఉరుము 30 సెకన్లలోపు వినిపించిందంటే ప్రమాదం మీ పరిధిలోకి వచ్చినట్టే. నాలుగువైపులా గోడలున్న పక్కా భవనంలోకో, అద్దాలు ఎత్తిన కారులోకో వెళ్లాలి. పక్కలు తెరిచి ఉన్న రేకుల షెడ్డు, చెట్టు నీడ, ఇనప కర్ర గొడుగు పనికిరావు. ఆఖరి ఉరుము తర్వాత కూడా 30 నిమిషాలు ఆగాలి. పిడుగులను ముందే హెచ్చరించడానికి పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన దామిని యాప్ ఉంది. ఇంట్లో పిల్లలెవరైనా ఫోనులో వేసి పెడతారు. అసలు చిక్కు వెళ్లడంలో లేదు, బల్ల వదిలి వెళ్లడంలో ఉంది. కాస్త అటు ఇటుగా ఉన్న నలుగురు ముందే మాట్లాడుకుని, ఉరుము దగ్గరపడితే అందరం ఒకేసారి లేద్దామనుకుంటే ఎవరి గల్లా పెట్టె గురించీ ఎవరికీ భయం ఉండదు.

ఇక సరుకు. క్రేట్లను నేలమీద పెట్టకుండా ఇటుకల మీదో చెక్కల మీదో ఎత్తి పెట్టాలని అందరికీ తెలుసు. తెలియక పాడయ్యేది ఆకుకూర. వానలో కోసిన పాలకూరను, తోటకూరను అలాగే కట్టలు కట్టి ప్లాస్టిక్ సంచిలో కుక్కితే తెల్లారేసరికి లోపల వేడెక్కి కంపు కొడుతుంది. నీడన పలుచగా పరిచి నీరు ఓడాకే కట్ట కట్టాలి. కొత్తిమీర కట్టను పైనుంచి చూసి నమ్మవద్దు. తాడు కట్టినచోట బొటనవేలితో నొక్కితే జిగటగా తగిలిందంటే కుళ్లు లోపల మొదలైందన్నమాట. వానాకాలం కర్నూలు ఉల్లి ఎలాగూ తేమతోనే వస్తుంది, ఎక్కువ రోజులు నిలవదు. దాని మీద మళ్లీ వాన పడితే తడిసిన గడ్డలను వేరు చేసి ఆ రోజే తగ్గించి అమ్మేయండి. పొడి గడ్డల్లో కలిపితే బస్తా అంతా పోతుంది. పగిలిన టమాటాలకూ ఇదే దారి.

ఎలక్ట్రానిక్ కాటాకు ప్లాస్టిక్ కవరు తొడిగితే అది పళ్లేనికి తగిలి బరువు తప్పు చూపుతుంది. తొడిగాక సున్నా చేసి, తెలిసిన తూకపు రాయితో ఒకసారి సరిచూడండి. మెత్తబడిన నేలలో బల్ల ఒరిగితే కాటా కూడా ఒరుగుతుంది. కాటాకు ఉన్న చిన్న నీటి బుడగ మధ్య వలయంలో ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. గడువు ఎప్పుడో ఇప్పుడే చూసుకుంటే మేలు.

వాన హడావిడిలో డబ్బు మోసాలు ఎక్కువ. క్యూఆర్ కాగితాన్ని లామినేట్ చేయించి, పొద్దున్నే మీ ఫోనుతోనే ఒకసారి స్కాన్ చేసి మీ పేరు వస్తోందో లేదో చూడండి. పైన వేరే స్టిక్కర్ అంటించిపోయేవారున్నారు. వినియోగదారు చూపిన ఫోను తెరను కాదు, మీ ఫోనుకు వచ్చిన సందేశాన్ని నమ్మాలి. డబ్బు అందుకోవడానికి పిన్ను కొట్టమంటే అది మోసమే. తడిసి చిరిగిన నోట్లను పారేయవద్దు, పొయ్యి మీద ఆరబెట్టవద్దు. బ్యాంకు శాఖలో ఇచ్చి మార్చుకోవచ్చు.

కాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. సంత నీటిలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది. పాదం మీద పుండో చీలికో ఉంటే దానిలోంచి ఎలుక జ్వరం పట్టుకోవచ్చు. పుండుకు కట్టు కట్టి రబ్బరు బూట్లు వేసుకోవాలి. నీటిలో తిరిగిన వారంలోనో రెండు వారాల్లోనో జ్వరం, పిక్కల నొప్పులు వస్తే వైద్యుడికి ఆ నీటి సంగతి తప్పకుండా చెప్పాలి. గోనె సంచుల దొంతరను కర్రతో కదిపాకే చేయి పెట్టండి. పాము కాటేస్తే గట్టిగా కట్టడం, కోయడం వద్దు. కాటు పడిన కాలో చేయో కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి.

వాతావరణ శాఖ హెచ్చరికల్లో రంగు చూడండి. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే బల్ల వేయకూడదు. ఆకుకూరలవారు ముందురోజు సాయంత్రం కోతకు దిగకముందే ఈ హెచ్చరిక చూసుకోవాలి. అంబులెన్సుకు 108, తెగిన కరెంటు తీగకు 1912, డబ్బు మోసానికి 1930: ఈ మూడు నంబర్లు రాసి గల్లా పెట్టె మూత లోపలివైపు అంటించండి.