అటక మీది కూలర్ దించే ముందు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. ఉగాదిలోపే కూలర్లు కిందికి దిగుతాయి. స్విచ్ వేసే ముందు ఇవి చూడండి.

– నీళ్లు పోసేటప్పుడు, తుడిచేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయండి. ఇనుప బాడీ కూలర్ షాక్ కొట్టి ప్రాణాలు పోయిన వార్తలు ప్రతి వేసవిలో చూస్తూనే ఉన్నాం. తడి చేతులతో, చెప్పుల్లేకుండా అసలు ముట్టుకోవద్దు.

– మూడు పిన్నుల ప్లగ్ తీసి రెండు పిన్నులది పెట్టొద్దు, ఎర్తింగ్ (లీకయ్యే కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు) పోతుంది. సాకెట్‌ను కూడా ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. పాత అద్దె ఇళ్లలో ఆ మూడో రంధ్రం చాలాసార్లు అలంకారమే.

– వైరును ఎలుకలు కొరికాయేమో చివరిదాకా చూడండి. టేపు చుట్టి సరిపెట్టొద్దు.

– నీళ్లు లేకుండా పంపు మోటార్ తిప్పి చూడొద్దు, కాలిపోతుంది.

– గట్టిపడిన గడ్డి మార్చేయండి. దాంతో గాలి రాదు, వాసన మాత్రం వస్తుంది.

– వారానికోసారి నీళ్లు పారబోసి తొట్టి గోడలు రుద్దండి. డెంగీ దోమ గుడ్లు అక్కడే అంటుకుంటాయి.

– కిటికీ తెరిచి ఉంచండి, లేకపోతే గదంతా ఉక్కే. విశాఖలాంటి తీరం ఊళ్లలోనైతే కొనకముందే ఆలోచించండి, తేమ గాలికి కూలర్ పెద్దగా పనిచేయదు.