వ్యాను వెనక హౌసింగ్ పదికాలాలు నడవాలంటే

వెనక చక్రాలతో నడిచే సరుకు వ్యాను కిందికి దూరి చూస్తే ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఒక ఇనప బుర్ర కనిపిస్తుంది. షెడ్లో మేం దాన్ని హౌసింగ్ అంటాం. ఇంజన్ శక్తిని అందుకునే చిన్న పళ్ల చక్రం పినియన్, అది తిప్పే పెద్ద పళ్ల చక్రం క్రౌన్ వీలు, మలుపుల్లో రెండు పక్కల చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే స్టార్ పినియన్లు, వాటి బేరింగులు అన్నీ అందులోనే ఉంటాయి. ముందు చక్రాలు లాగే వ్యానుల్లో ఈ అమరిక (డిఫరెన్షియల్) గేరుబాక్సులోనే కలిసి ఉంటుంది, వాటి సంగతి వేరు.

ఇంజన్‌లో ఆయిల్ చూడటానికి పుల్ల ఉంది, ఒత్తిడి పడిపోతే ఎర్రదీపం వెలుగుతుంది. హౌసింగుకి మామూలుగా ఈ రెండూ ఉండవు కాబట్టి మోత వచ్చేదాకా ఎవరికీ గుర్తు రాదు. నేను విప్పినవాటిలో బరువుకు విరిగినవి తక్కువ. సీలు (ఆయిల్ కారకుండా షాఫ్టు చుట్టూ ఉండే రింగు) దగ్గర చెమ్మగా మొదలై, నెలల తరబడి బొట్టుబొట్టుగా కారి, అడుగున కాస్త మిగిలిన ఆయిల్‌తో నడిచి మాడిపోయినవే ఎక్కువ.

అక్కడి పళ్ల కష్టం వేరే ఎక్కడా ఉండదు. పినియన్ క్రౌన్ వీలు నడిమి గీతకు ఎదురుగా కాకుండా కాస్త కిందికి జరిగి కూర్చుంటుంది. హైపాయిడ్ అంటే అదే. దానివల్ల పళ్లు బలంగా ఉంటాయి, చప్పుడూ తక్కువే. కానీ అవి ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు గట్టిగా రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర నిలవదు. అందుకే గంధకం, భాస్వరం మందులు ఎక్కువగా కలిపిన జీఎల్-5 తరగతి గేరు ఆయిల్ పోస్తాం. మూత తీయగానే ముక్కుకు కొట్టే వాసన ఆ గంధకానిదే. జీఎల్-4లో ఆ మందు దాదాపు సగమే, అది ఇక్కడికి చాలదు. పాత గేరుబాక్సుల్లో ఇత్తడి రింగులుంటాయి, వాటికి జీఎల్-5 పడకపోవచ్చు. ఒకే డబ్బాతో రెండు చోట్లా సరిపెట్టే అలవాటు మానుకోండి. చిక్కదనం 75డబ్ల్యూ-90నా, 80డబ్ల్యూ-90నా, 75డబ్ల్యూ-140నా అన్నది మీ వ్యాను పుస్తకం చూసి తేల్చుకోండి. ఒక చక్రమే గిరగిరా తిరిగిపోకుండా పట్టే క్లచ్ ప్లేట్లున్న లిమిటెడ్ స్లిప్ రకమైతే దానికి తగిన మందు కూడా కలవాలి. లేకపోతే మలుపు తిప్పినప్పుడల్లా వెనకనుంచి గొణుగుతుంది.

ఇక మట్టం చూడటం. బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి, ఒక పక్క జాకీ ఎత్తి చూస్తే లెక్క తప్పుతుంది. నడిచి వచ్చిన బండైతే కాసేపు ఆగనివ్వండి. ఆయిల్ పోసే పై ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని బ్రష్షుతో బాగా దులిపి, ఆ తర్వాతే విప్పండి. వేలు లోపలికి పెట్టి కిందికి వంచితే ఆయిల్ రంధ్రం కింది అంచు దగ్గరే తగలాలి. కొన్ని బండ్లకు అంచు కంటే కొన్ని మిల్లీమీటర్లు కింద ఉండాలని పుస్తకంలో రాస్తారు, అప్పుడు ఆ మాటే ప్రమాణం.

ఆయిల్ మార్చేటప్పుడు కూడా ముందు పై ప్లగ్ విప్పండి, డ్రెయిన్ ప్లగ్ తర్వాత. పైది తుప్పుపట్టి కదలదనుకోండి, కింద అంతా ఖాళీ చేసేశాక తెలిస్తే బండి అక్కడే పడుంటుంది. ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు తీస్తే అడుగున ఉన్న మడ్డి కూడా వచ్చేస్తుంది. డ్రెయిన్ ప్లగ్ లేని హౌసింగైతే వెనక కవరు విప్పాలి, లేదా పంపుతో లాగాలి. నాకు కవరు విప్పడమే ఇష్టం, పళ్లు కంటికి కనిపిస్తాయి. ప్లగ్గుల వాషర్లు కొత్తవి వేయండి.

ప్లగ్‌కున్న మ్యాగ్నెట్ చూడకుండా తుడిచేయొద్దు. కాటుకలాంటి మెత్తటి నల్లముద్ద ఉంటే అది మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే రజను, రేకుల్లాంటి ముక్కలు ఉంటే బేరింగో పన్నో పెచ్చులూడుతోందని అర్థం. అప్పుడు కొత్త ఆయిల్ పోసి పంపేయడం వల్ల లాభం లేదు, విప్పి చూడాల్సిందే. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి.

నీళ్లు ఎలా చేరతాయంటే, హౌసింగ్ పైన బ్రీదర్ అని చిన్న గొట్టమో టోపీయో ఉంటుంది. లోపలి గాలి వేడికి ఉబ్బితే బయటికి వదలడం, చల్లబడితే పీల్చుకోవడం దాని పని. దూరం నడిచి కాలిపోతున్న బండిని నిలవనీళ్లలో దింపితే లోపలి గాలి ఒక్కసారి ముడుచుకుని నీటిని పీల్చేస్తుంది. అలా దింపిన బండికి ఆయిల్ చూడటం వాయిదా వేయొద్దు. బ్రీదర్ మట్టితో మూసుకుపోతే కథ తిరగబడుతుంది. లోపలి ఒత్తిడి పోయే దారిలేక సీళ్లను తోసుకుని ఆయిల్ బయటికొస్తుంది. డ్రమ్ముల్లోకి చేరి బ్రేకు షూలు తడుస్తాయి, బ్రేకు ఒక పక్కకు లాగుతుంది. సీలు మార్చినా కొన్నాళ్లకే మళ్లీ కారుతోందని బండి తిరిగొస్తే నేను మొదట చూసేది బ్రీదరే. టోపీ తీసి గాలి కొట్టి, వేలితో తిప్పి వదులుగా ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

పినియన్ సీలు మార్పించేటప్పుడు మాత్రం దగ్గరుండి చూడండి. చాలా హౌసింగుల్లో పినియన్ నట్టు వెనక నలిగే స్లీవు ఒకటి ఉంటుంది. బేరింగుల బిగువు దానిమీదే ఆధారపడుతుంది. గాలి గన్నుతో నట్టును ఎడాపెడా బిగిస్తే స్లీవు ఎక్కువ నలుగుతుంది, బేరింగు బిగుసుకుని వేడెక్కి పోతుంది. నట్టు వెనక్కి తిప్పినా నలిగిన స్లీవు తిరిగి లేవదు. నట్టుకూ షాఫ్టుకూ విప్పకముందే గుర్తు పెట్టుకుని, చేతి స్పానరుతో ఆ గుర్తుదాకా వచ్చి, పినియన్ తిరిగే బిగువు కొలిచే పనివాడికే ఈ పని ఇవ్వండి.

మోత విషయంలో తొందరపడి క్రౌన్ పినియన్ మీద నింద వేసేవాళ్లే ఎక్కువ. ముందు రోడ్డు మారినప్పుడు మోత మారుతుందేమో చూడండి, మారితే అది టైర్లది. యాక్సిలేటర్ తొక్కితే ఒకలా, వదిలితే ఇంకోలా కూత వస్తే పళ్ల అరుగుదలో, పినియన్ అమరికో అనుమానించాలి. తొక్కినా వదిలినా తేడా లేకుండా వేగంతో పెరిగే గుర్రుమనే చప్పుడు బేరింగుది. మలుపుల్లోనే వస్తే స్టార్ పినియన్లు చూడాలి, కానీ చక్రం బేరింగు కూడా మలుపులో ఎక్కువగా అరుస్తుంది, కాబట్టి ముందు చక్రం ఎత్తి తిప్పి చూడండి. క్లచ్ వదలగానే టక్కుమంటే మొదట జాయింట్ రాడ్డు (గేరుబాక్సు నుంచి హౌసింగుకి శక్తి తెచ్చే షాఫ్టు) క్రాసులు, స్ప్లైన్లు (షాఫ్టు మీది గాడులు) చూడండి. చవగ్గా తేలే పని అక్కడే ఉండొచ్చు.

టైర్ల సంగతి చాలామంది నమ్మరు. వెనక ఒక పక్క కొత్తది, ఇంకో పక్క అరిగినది ఉంటే వాటి చుట్టుకొలతలు తేడా. బండి తిన్నగా వెళ్తున్నా స్టార్ పినియన్లు తిరుగుతూనే ఉంటాయి. అవి మలుపుల కోసం పెట్టినవి, రోజంతా తిరగడానికి కాదు. టేపుతో చుట్టు కొలిచి జత కలపండి. బురదలో ఒక చక్రం ఆగి ఇంకోటి గిరగిరా తిరుగుతుంటే, తిరిగే చక్రం క్రౌన్ వీలుకు రెట్టింపు వేగంతో తిరుగుతుంది. లోపల స్టార్ పినియన్లు తమ పిన్ను మీద ఆయిల్ సరిగా అందక రాసుకుంటాయి, పట్టేసుకోవడం కూడా ఉంది. యాక్సిలేటర్ తొక్కిపెట్టకుండా చక్రం కింద రాయో పలకో వేసి బయటికి తీయండి. పూర్తి లోడుతో ఎత్తు మీద ఇంజన్ రంకె వేయించి క్లచ్ ఠక్కున వదలడం, ముఖ్యంగా రివర్సులో, ఇంకా చెడ్డది. వెనక్కి నడిచేటప్పుడు బరువంతా పళ్ల రెండో ముఖం మీద పడుతుంది, ఆ ముఖానికి అంత బలం ఉండదు.

విప్పి కొత్తది వేయాల్సి వస్తే క్రౌన్ వీలు, పినియన్ జతగానే కొనాలి. రెండూ కలిపి నూరినవి, ఒకటి పాతది ఒకటి కొత్తది అయితే కూత తప్పదు. బ్యాక్‌లాష్ (రెండింటి పళ్ల మధ్య ఉండే సందు) చాలా వ్యాన్లకు 0.15 నుంచి 0.20 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది, ఖచ్చితమైన లెక్క పుస్తకంలో చూడండి. పళ్లకు రంగు పూసి తిప్పి, ముద్ర పన్ను మధ్యలో పడుతోందో లేదో చూపించమని పనివాణ్ని అడగండి. బిగించాక మొదటిసారి 20 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి పూర్తిగా చల్లారనివ్వండి. 800 కిలోమీటర్ల దాకా పూర్తి లోడు వేయకండి. అప్పుడు ఆయిల్ తీసేసి, మ్యాగ్నెట్ తుడిచి, కొత్తది పోయండి.